వీణ శ్రుతి నిలవడం లేదా? తీగ మార్చడం నుంచి మెట్టు సరిచూడడం దాకా సమగ్ర మార్గదర్శి

"మాస్టారూ, పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి జారిపోతోంది. వీణలోనే ఏదైనా లోపమా?"

బొబ్బిలి వెళ్లి ముచ్చటపడి వీణ కొనుక్కున్నవాళ్లు మూడో నెలలో అడిగే మాట ఇది. విజయనగరంలో ఉన్నవాళ్లకు ఫరవాలేదు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, వీధికొకరు కాకపోయినా పేటకొకరైనా చెప్పేవాళ్లు దొరుకుతారు. పాలకొండలోనో పాతపట్నంలోనో ఉండి, వారానికోసారి ఆన్‌లైన్ క్లాసులో నేర్చుకుంటున్న పిల్లకు పక్కన కూర్చుని బిరడ (తీగను బిగించే చెక్క పిడి) తిప్పి చూపించేవాళ్లెవరు? ఇది వాళ్ల కోసం.

వీణలో లోపం ఉండడం అరుదు. చాలాసార్లు మనం బిరడను తిట్టుకుంటాం, తప్పేమో తీగలు ఆనే గుర్రం దగ్గరో, మెట్లు కూర్చిన మైనంలోనో ఉంటుంది. అందుకే ఒక వరస పెట్టుకోవాలి: ముందు తీగ, తర్వాత గుర్రం, ఆ తర్వాతే మెట్టు. ఈ వరస తిరగేస్తే బాగున్న మెట్టును కదిపి, లేని జబ్బు తెచ్చుకుంటాం.

1. ముందు పేర్లు తెలియాలి

ఫోన్లో ఎవరినైనా సాయం అడగాలన్నా, షాపులో తీగ కొనాలన్నా పేర్లు కావాలి.

మెట్ల మీదుగా వెళ్లేవి నాలుగు తీగలు. మొదటిది సారణి, మధ్య షడ్జం. రెండోది పంచమం, అంటే మంద్ర స్థాయి పంచమం. మూడోది మంద్రం, మంద్ర షడ్జం. నాలుగోది అనుమంద్రం, దానికింకా కింది పంచమం. మొదటి రెండూ ఉక్కు తీగలు, తర్వాతి రెండూ చుట్టు తీగలు.

పక్కన ఉండే మూడూ తాళపు తీగలు: పక్క సారణి (మధ్య షడ్జం), పక్క పంచమం (మధ్య పంచమం), హెచ్చు సారణి (తార షడ్జం). సన్నగా ఉండే హెచ్చు సారణి నా చేతిలో తెగినన్నిసార్లు మరే తీగా తెగలేదు.

వీణ కుడి చివరి గుండ్రటి బోలు భాగం కుండ, దాని నుంచి మెట్లను మోస్తూ వెళ్లే పొడవాటి భాగం దండి. తీగలు కుండ మీద ఆనే చెక్క గుర్రం. దాని నెత్తిన ఒక లోహపు రేకు ఉంటుంది. కుండ చివర తీగల్ని పట్టి ఉంచేది నాగపాశం. నాగపాశానికీ తీగకూ మధ్య లంగరు, దాని మీద జరిగే చిన్న చుట్టు. అటు చివర, మొదటి మెట్టుకు ముందు తీగలు ఆనేది మేరువు. నొక్కి స్వరం పలికించే లోహపు కడ్డీలు మెట్లు. 24 మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి, అలా కూర్చడాన్నే మేళం కట్టడం అంటారు.

గుర్రాన్ని జిగురుతో అతికించరు. తీగల బిగువే దాన్ని నిలబెడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత తీగతో సరిపోల్చి కొన్న కొత్త తీగ. గేజీ నోటితో చెప్పడం కంటే పాత ముక్క తీసుకెళ్లి చూపించడం మేలు
- చిన్న కటింగ్ ప్లయర్
- మెత్తటి పెన్సిలు
- తెల్ల సుద్దముక్క
- ఉతికిన పాత నూలు గుడ్డలు రెండు
- శ్రుతిపెట్టె, లేదా ఫోన్లో తంబురా యాప్
- ట్యూనర్ యాప్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు

పని దుప్పటి మీద చేయండి. ఫ్యాన్ ఆపండి. ఆ చప్పుడులో చిన్న తేడాలు చెవికి అందవు. పక్క గదిలో సీరియల్ నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగడమే నయం.

3. తీగ మార్చడం

అన్నిటికంటే ముఖ్యమైన నియమం: ఒకసారికి ఒక్క తీగే. ఏడూ ఒకేసారి విప్పేసి శుభ్రంగా తుడుద్దామనే బుద్ధి అందరికీ పుడుతుంది. నాకూ పుట్టింది. తీగలన్నీ వదులవగానే గుర్రం పక్కకు ఒరిగింది. అది మునుపు ఎక్కడుందో గుర్తు లేదు. ఒక సాయంత్రమంతా దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను, మర్నాటికి గానీ స్వరం కుదరలేదు.

3.1. గుర్రం పాదాల చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీయండి. బిరడల వైపు ఒకటి, నాగపాశం వైపు ఒకటి, రెండు ఫోటోలు తీయండి. తీగ బిరడకు ఏ వైపు నుంచి చుట్టుకుందో ఫోటోలో కనబడాలి.

3.2. మార్చాల్సిన తీగను పట్టి లాగి చూసి దాని బిరడేదో తేల్చుకోండి. బిరడ నెమ్మదిగా తిప్పి పూర్తిగా వదులు చేయండి. బిగువుగా ఉన్న తీగను ప్లయర్‌తో కత్తిరించకండి, అది కొరడాలా వచ్చి ముఖానికి తగులుతుంది.

3.3. పాత తీగను బిరడ రంధ్రంలోంచి, తర్వాత లంగరు నుంచి తీయండి. పారేయకండి, చుట్టి కాగితంలో పెట్టుకోండి.

3.4. ఇప్పుడు ఆ తీగ కింద మెట్ల మీద, గుర్రం రేకు మీద పేరుకున్న నల్లటి జిడ్డును పొడి గుడ్డతో తుడవండి. వేళ్లకు రాసుకునే కొబ్బరినూనె, లోహపు పొడి కలిసి అలా తయారవుతుంది. నీళ్లు, శానిటైజరు వాడకండి.

3.5. కొత్త తీగ చివర చిన్న ఉచ్చు చేసి ఏడెనిమిది చుట్లు గట్టిగా మెలిపెట్టి లంగరుకు తగిలించండి. ఆ మెలి గుర్రం రేకు దాకా రాకూడదు, వస్తే స్వరం జిరజిరమంటుంది.

3.6. తీగను గుర్రం మీద దాని చోటులోనే కూర్చోబెట్టి, మేరువు మీదుగా బిరడ దాకా తీసుకెళ్లండి. మధ్యలో ఎక్కడా పక్క తీగను దాటి పోకూడదు. నవ్వకండి, దండి చివర చీకట్లో ఇది ఇట్టే జరిగిపోతుంది.

3.7. నాలుగు వేళ్ల వెడల్పు అదనంగా వదిలి రంధ్రంలో దూర్చండి. బిరడను లోపలికి నొక్కుతూ తిప్పండి. చుట్టు పక్కన చుట్టు రావాలి. చుట్టు మీద చుట్టు పడితే అది రోజుల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది, మనమేమో శ్రుతి జారిందనుకుంటాం.

3.8. మిగిలిన కొసను అప్పుడే కత్తిరించకండి, ఒకరోజు ఆగండి. చుట్టు తీగైతే ముందు కొసను వంచి, వంపు అవతల కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పైచుట్టు విడిపోయి తీగ మూగబోతుంది.

కొత్త తీగ సాగుతుంది. శ్రుతికి తెచ్చాక మెట్ల మధ్య వేలు పెట్టి మెల్లగా నాలుగైదుసార్లు లాగండి, మళ్లీ శ్రుతి చేయండి, మళ్లీ లాగండి. మొదటి రెండు మూడు రోజులు జారడం మామూలే. దానికి టెన్షన్ పడి బొబ్బిలి ఫోన్ చేయక్కర్లేదు.

4. శ్రుతి చేసే వరస

వాయించేటప్పుడు కూర్చునేట్టే కూర్చోండి. దండి కింద బిరడల వైపున్న ఆనపబుర్ర ఎడమ తొడ మీద, కుండ కుడివైపు నేల మీద. వీణను పక్కన పడుకోబెట్టి శ్రుతి చేసి, తర్వాత ఒళ్లోకి తీసుకుంటే తేడా వస్తుంది.

తంబురాను మీరు వాయించే శ్రుతికి పెట్టండి. వీణకు చాలామంది మూడు, లేదా రెండున్నర పెడతారు. ఏదైనా సరే, దాన్ని మాటిమాటికీ మార్చకండి. ఒక నిమిషం ఊరికే వినండి. ఈ నిమిషాన్ని మింగేసేవాళ్లే తర్వాత అరగంట తిప్పలు పడతారు.

4.1. సారణిని షడ్జానికి తెండి. ఎప్పుడూ కింది నుంచి పైకే రావాలి. స్వరం ఎక్కువైతే బాగా దించి మళ్లీ ఎక్కించండి. పైనుంచి దించి ఆపితే తీగలో వదులు మిగిలిపోతుంది, నాలుగు గమకాలు వాయించేసరికి శ్రుతి కిందికి పోతుంది.

4.2. పంచమం, మంద్రం, అనుమంద్రం ఆ వరసలో.

4.3. తాళపు తీగలు: పక్క సారణి, పక్క పంచమం, చివర హెచ్చు సారణి. దీన్ని ఎక్కించేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి.

4.4. మళ్లీ సారణికి రండి. అది కొంచెం దిగి ఉంటుంది! మిగతా ఆరు తీగల బిగువు గుర్రం మీద పడ్డాక మొదటిది అలాగే ఉండదు. కనీసం రెండు ఆవృత్తాలు తిరగాలి, కొత్త తీగలైతే మూడు. "ఒకసారి చేశాను, నిలవలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో ఆవృత్తం చేయనివాళ్లే.

4.5. చివరి వెంట్రుకవాసి తేడాను బిరడతో సరిచేయబోకండి, లంగరు మీది చుట్టును జరపండి. ఏ వైపు జరిపితే స్వరం పెరుగుతుందో ముందు ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. చుట్టు అప్పటికే ఒక కొసకు చేరి ఉంటే, దాన్ని మధ్యకు తెచ్చి బిరడతో మొదలుపెట్టండి.

*ట్యూనర్ గురించి*

ట్యూనర్ స్వరం పేరు చెబుతుంది గానీ ఏ స్థాయో చాలా యాప్‌లలో స్పష్టంగా కనబడదు. మూడు శ్రుతిలో సారణికీ, మంద్రానికీ, హెచ్చు సారణికీ "E" అక్షరమే చూపిస్తుంది. మంద్రాన్ని మధ్య షడ్జం అనుకుని ఎక్కించుకుంటూ పోతే తీగ తెగుతుంది. పంచమం తీగ దగ్గరా ఇదే చిక్కు.

రెండో సంగతి, తంబురా మోగుతుండగా ట్యూనర్ చూడకండి, అది తంబురానే వినేస్తుంది. మూడోది, ఆకుపచ్చ లైటు వెలిగినా పంచమం చెవికి కాస్త తక్కువగా అనిపిస్తే చెవినే నమ్మండి. తంబురాతో కలిసే పంచమం, ట్యూనర్ చూపే దానికంటే ఆవగింజంత ఎక్కువ. ట్యూనర్‌తో దగ్గరకు రండి, ముగింపు మాత్రం చెవితోనే.

5. తప్పు ఎక్కడుందో తేల్చడం

ఖాళీ తీగలన్నీ తంబురాతో కలిశాయి. ఇప్పుడు మెట్ల మీద వేలు పెట్టి ఈ జతలు వినండి. బిరడల వైపు నుంచి మొదటి మెట్టు ఒకటి అని లెక్క.

- పంచమం 5వ మెట్టు = ఖాళీ సారణి
- మంద్రం 7వ మెట్టు = ఖాళీ పంచమం
- మంద్రం 12వ మెట్టు = ఖాళీ సారణి
- అనుమంద్రం 5వ మెట్టు = ఖాళీ మంద్రం
- సారణి 7వ మెట్టు = పక్క పంచమం
- సారణి 12వ మెట్టు = హెచ్చు సారణి

నొక్కే బరువు సమానంగా ఉండాలి. వీణ మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి గట్టిగా నొక్కితేనే స్వరం పెరిగిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మెట్టు తప్పనుకునేది చాలాసార్లు వాళ్ల వేలి బరువే.

వచ్చిన ఫలితాన్ని ఇలా చదవండి:

- ఖాళీ తీగే గంటకోసారి దిగుతోంటే: తీగ చుట్టు, బిరడ, లంగరు చూడండి
- ఖాళీగా బాగుండి, ఒకే తీగ మీద అన్ని మెట్లూ తేడాగా ఉంటే: ఆ తీగ పాతబడింది, మార్చండి
- ఒకే మెట్టు అన్ని తీగల మీదా తేడాగా ఉంటే: ఆ మెట్టు కదిలింది
- అన్ని తీగల మీదా పై మెట్లకు పోయేకొద్దీ తేడా పెరుగుతోంటే: గుర్రం జరిగింది

6. గుర్రం సరిచేయడం

సారణి మీద 12వ మెట్టుకు సరిగ్గా పైన తీగను వేలితో తాకీ తాకనట్టు పెట్టి మీటండి, వెంటనే వేలు తీసేయండి. గంటలాంటి సన్నని తార షడ్జం వస్తుంది. ఇప్పుడు అదే మెట్టు మీద మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకటే కావాలి.

నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే గుర్రాన్ని నాగపాశం వైపు జరపాలి, తక్కువగా ఉంటే మెట్ల వైపు. జరపడమంటే బియ్యపు గింజ మందం, అంతకు మించి కాదు. తీగల్ని కొద్దిగా దించి, రెండు చేతుల బొటనవేళ్లతో గుర్రం పాదాల దగ్గర తోయండి. నెత్తి పట్టుకుని తోస్తే ఒరుగుతుంది. తర్వాత మొత్తం శ్రుతి మళ్లీ చేసి, మళ్లీ వినండి.

పెన్సిలు గీత ఇక్కడే పనికొస్తుంది. మేళం కట్టింది గుర్రం ఆ చోట ఉందని లెక్కేసుకునే. గుర్రం గీతలోనే ఉండి కూడా 12వ మెట్టు తేడాగా ఉంటే, గుర్రం జోలికి వెళ్లకుండా మెట్టును అనుమానించండి.

7. మెట్లు, మైనం

మైనం వేడికి మెత్తబడుతుంది, ఇందులో రహస్యమేమీ లేదు. ఒక మే నెలలో శ్రీకాకుళం నుంచి కారులో వస్తూ నాతవలస దగ్గర టీకి ఆగాను. వీణ వెనక సీట్లో, అద్దాలు మూసి ఉన్నాయి. అరగంట, అంతే. ఇంటికొచ్చి చూస్తే పై స్థాయి మెట్లు నాలుగు పళ్లూడబోయే పిల్లాడి పళ్లలా తలో వైపు ఒరిగాయి.

మెట్టు కొద్దిగా ఒరిగిందంతే అయితే ఇంట్లోనే చేయొచ్చు. మధ్యాహ్నం మైనం కాస్త మెత్తగా ఉన్న వేళ, ఆ చోట తీగల్ని దించి, మెట్టు రెండు కొసలనూ రెండు బొటనవేళ్లతో పట్టి మెల్లగా నిలబెట్టండి. స్వరం తక్కువగా ఉంటే మెట్టు గుర్రం వైపు రావాలి, ఎక్కువగా ఉంటే బిరడల వైపు. ఆ పూట వాయించకండి, రాత్రి చల్లబడనివ్వండి, పొద్దున వినండి.

చేయకూడనివి:

- హెయిర్ డ్రయ్యరు, అగ్గిపుల్ల, కొవ్వొత్తి. ఒక మెట్టు కోసం వేడి పెడితే ఇరుగుపొరుగు మెట్లు నాలుగు కదులుతాయి
- ఫెవిక్విక్. ఎవరో వేశారు, నేను చూశాను. మేళం కట్టేవాళ్లు దాన్ని గీకి తీయడానికే ఒక పూట పట్టింది
- మెట్టు మీద పడిన గాడిని ఆకురాయితో మనమే రాయడం. మెట్టు ఎత్తు తగ్గితే పక్క మెట్టు తగలడం మొదలవుతుంది

మూడు మెట్ల కంటే ఎక్కువ కదిలితే గొల్లపల్లి దారి పట్టండి. బొబ్బిలి పక్కనే ఉన్న ఆ ఊళ్లో వీణలు చేసేవాళ్లే మేళమూ కడతారు. కొత్త వీణ ఒక ఎండాకాలం చూశాక మేళం మళ్లీ చూపించుకోవడం మంచిది.

8. జిరజిరమనే చప్పుడు

సారణి మీద ఒకటి నుంచి 24 దాకా ఒక్కో మెట్టూ నొక్కి మీటండి. ఏడో మెట్టు దగ్గర జిర్రుమంటే దోషి ఏడు కాదు, ఎనిమిది. అది ఎత్తుగా లేచి తీగకు తగులుతోంది. ఖాళీ తీగ కూడా జిర్రుమంటే గుర్రం రేకు చూడండి: కింద మైనం వదిలి రేకు కదులుతోందా, తీగ ఆనే చోట గాడి పడిందా, మెలి రేకు దాకా వచ్చిందా. ఇవేవీ కాకపోతే గదిలో స్టీలు గిన్నెలు మోగుతున్నాయేమో చూడండి. నిజంగానే అంటున్నాను.

9. బిరడలు

జారుతుంటే బిరడ తీసి, కర్ర ఒరుసుకునే చోట సుద్దముక్క రాసి, నొక్కుతూ తిప్పండి. వానాకాలం చెమ్మకు ఉబ్బి బిగుసుకుపోతే ప్లయర్‌తో పట్టకండి, మెడ విరుగుతుంది. అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదిపి బయటకు లాగి, పొడి సబ్బు తాకీ తాకనట్టు రాసి పెట్టండి. నూనె మాత్రం ఎప్పుడూ వద్దు.

10. మన వాతావరణంలో జాగ్రత్తలు

ఎండాకాలం వీణను పడమటి గోడకు ఆనించకండి. సాయంత్రం ఏడు దాకా ఆ గోడ సెగ కక్కుతూనే ఉంటుంది. మేడ మీది రేకుల గది అసలు పనికిరాదు.

అక్టోబరు మనకు తుఫానుల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. హెచ్చరిక రాగానే వీణను కిటికీకి దూరంగా, నేలకు ఎత్తులో, మంచం మీదో బల్ల మీదో పెట్టండి. నూలు గుడ్డ కప్పి, ఆపైన ప్లాస్టిక్. ప్లాస్టిక్ ఒక్కటే చుడితే లోపల చెమ్మ పట్టి పనసకర్ర బూజెక్కుతుంది. వాన వెలిశాక ప్లాస్టిక్ వెంటనే తీసేయండి. తడిసిన వీణను ఎండలో పెట్టకండి, నీడలో గాలికి ఆరనివ్వండి. ఏకాండి (ఒకే దుంగతో చేసినది) కాని వీణైతే దండి, కుండ కలిసే అతుకు మీద గోరు నడిపి చూడండి, గోరు ఆగితే అతుకు విడుతోందన్నమాట.

దసరా సంగతి కూడా చెప్పాలి. మూలా నక్షత్రం రోజు వీణను పూజలో పెడతాం. పసుపు, కుంకుమ దండి చివరనున్న యాళి (సింహంలాంటి చెక్కడం) ముఖానికి పెట్టండి, దండికి పెట్టండి. మెట్ల మీద, గుర్రం మీద చల్లకండి. ఏటా దసరా తర్వాత వారం నేను చూసే వీణల్లో గుర్రం రేకు కింద కుంకుమ, మెట్ల సందుల్లో అక్షింతలు. ఒక బియ్యపు గింజ రేకు కింద చేరితే చాలు, స్వరం చచ్చిపోతుంది. దీపం కుందిని మెట్లకు జానెడు దూరంలో పెట్టి మైనం కరిగిందని వచ్చినవాళ్లూ ఉన్నారు.

11. రిపేరుకు తీసుకెళ్లేటప్పుడు

- తీగలన్నీ కొద్దిగా దించండి, పూర్తిగా కాదు. గుర్రం నిలబడే బిగువు ఉండాలి
- ఆనపబుర్ర మర విప్పి, గుడ్డలో చుట్టి విడిగా పట్టుకోండి
- మెట్లు పైకి ఉండేట్టు పడుకోబెట్టండి. బస్సు డిక్కీలో వేయకండి, కిందనుంచి ఇంజను వేడి తగులుతుంది
- ఎండాకాలమైతే పొద్దుటి రైలుకు వెళ్లండి. బొబ్బిలి స్టేషన్ నుంచి ఆటోలో ఒళ్లో పెట్టుకోండి
- మీరు వాయించే శ్రుతి ఎంతో ముందే చెప్పండి. వేరే శ్రుతికి మేళం కట్టి ఇస్తే, ఇంటికొచ్చి తీగల్ని మీ శ్రుతికి మార్చాక చిన్న చిన్న తేడాలు వస్తాయి
- ఏ మెట్టు, ఏ తీగ, ఏ తేడా అన్నది కాగితం మీద రాసుకెళ్లండి. "ఏదో తేడాగా ఉంది" అంటే వాళ్లకూ వెతుకులాటే

తిరిగి తీసుకునేటప్పుడు మీ తంబురా యాప్ అక్కడే పెట్టి, కూర్చుని, అయిదో భాగంలోని ఆరు జతలూ విని, 12వ మెట్టు చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఆ పావుగంటకు వాళ్లేమీ అనుకోరు, ఒక టీ కూడా తెప్పిస్తారు.